తేడాకు దండకం

ప్రతి ఉదయం మిల్లింగ్ యంత్రానికి తానెక్కడుందో తెలియదు. నిన్న రాత్రి ఆపినప్పుడు బల్ల ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అయినా మెయిన్ స్విచ్ ఎక్కించగానే తెర మీద వెలిగే అంకెలకు విలువ లేదు. అవి కొలిచి రాసినవి కావు. అందుకే ఫస్ట్ షిఫ్టు ఆపరేటర్ టీకి వెళ్లకముందే చేసే మొదటి పని, హోమ్ తీసుకోవడం.

హోమింగ్, ముందుగా నీకు దండం. ఎక్స్ ఆక్సిస్ బయలుదేరుతుంది. డాగ్ తగిలేదాకా హుషారుగా వెళ్తుంది. డాగ్ అంటే బల్ల అంచున రెండు బోల్టులతో బిగించిన ఇనుప ముక్క. అది లిమిట్ స్విచ్ మీటను నొక్కగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడితో ఆగదు. మెల్లగా జరుగుతూ మీట వదిలేదాకా పోతుంది. వదిలాక, మోటారు తిరుగుడును కొలిచే ఎన్‌కోడర్ చుట్టుకు ఒక్కసారి మాత్రమే పంపే జెడ్ పల్స్ కోసం కాచుకుంటుంది. ఆ పల్స్ అందిన చోట నిలబడుతుంది. అది సున్నా. స్విచ్ ఒక్కదాన్నే ఎందుకు నమ్మరంటే, దాని మీట అరుగుతుంది, కూలెంట్ జిడ్డు పడుతుంది, ఇవాళ తగిలిన చోట రేపు తగలదు. పల్స్ మాత్రం ఎన్‌కోడర్ పలక మీద చెక్కిన ఒకే ఒక్క గీత నుంచి వస్తుంది. స్విచ్ దారి చూపిస్తుంది, పల్స్ చోటు చెబుతుంది. రెండూ పలికాకే యంత్రం తన సున్నాను ఒప్పుకుంటుంది.

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఈ మాటలకు తెలుగు క్రియలు అతుక్కుని చాలాకాలమైంది. హోమ్ తీసుకుంటారు, జాగ్ చేస్తారు, లిమిట్ కొడుతుంది, డ్రైవ్ ట్రిప్ అవుతుంది, గెయిన్ పెంచుతారు, ప్లే తీసేస్తారు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్, 1968లో బాలానగర్‌లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వాటి చుట్టూ మొలిచిన చిన్న చిన్న వర్క్‌షాపులు ఈ భాషను తరాల చేతుల్లోంచి నడిపించాయి. వీటి నిర్వచనాలు మాన్యువళ్లలో ఉన్నాయి. ఇక్కడ నేను స్తుతి మాత్రమే చేస్తాను. ఎందుకంటే, విడివిడిగా పరుషంగా వినిపించే ఈ మాటలన్నీ కలిపి వింటే ఒకే సంగతి చెబుతాయి. తేడా ఉంటేనే కదలిక.

సర్వో మోటారు కదిలే తీరు చూడండి. బల్ల ఈ క్షణాన 100.000 దగ్గర ఉండాలి అంటుంది కంట్రోలర్. 99.940 దగ్గర ఉంది అంటుంది ఎన్‌కోడర్. ఆ రెండు మాటల మధ్య మిగిలిన 0.060 మిల్లీమీటర్లే మోటారును తిప్పుతాయి. ఆజ్ఞ ఒక్కటే ఉంటే మోటారు గుడ్డిది. కొలత ఒక్కటే ఉంటే మోటారు నిశ్చలం. రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేస్తే మిగిలేదే దాని ప్రాణం. సెకనుకు వేలసార్లు ఈ తీసివేత జరుగుతూనే ఉంటుంది. మన కంటికి బల్ల నున్నగా జారినట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం ఎప్పటికప్పుడు పుట్టే తేడా, ఎప్పటికప్పుడు తీరే తేడా.

ఫాలోయింగ్ ఎర్రర్, నీకు రెండు చేతులా దండం. అమ్మ కొంగు పట్టుకుని నడిచే పిల్లలా బల్ల ఎప్పుడూ ఆజ్ఞకు కాస్త వెనకే ఉంటుంది. అమ్మ వేగం పెంచితే కొంగు సాగుతుంది, నిలబడితే పిల్ల వచ్చి చేరుతుంది. దీనికి లెక్క ఉంది. నిమిషానికి 6 మీటర్ల వేగమంటే సెకనుకు 100 మిల్లీమీటర్లు. తేడాను వేగంగా మార్చే గుణకం పొజిషన్ గెయిన్, దాన్ని సెకనుకు 30 పెట్టారనుకుందాం. వందను ముప్పైతో భాగించండి, 3.33 మిల్లీమీటర్లు. ఆ వేగంతో పోతున్నంతసేపూ బల్ల ఆజ్ఞకు అంత దూరం వెనకే ఉంటుంది. ఇది జబ్బు కాదు, ఆరోగ్యం. ఆ దూరం నిలకడగా ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే. ఉన్నట్టుండి పెరిగితే కీలెక్కడో పట్టేసి ఉంటుంది, లేదా గైడ్‌వేలో చిప్స్ ఇరుక్కుని ఉంటాయి. అందుకే ఒక హద్దు పెడతారు. హద్దు దాటగానే, మోటారును నడిపే డ్రైవ్ పని మానేసి అలారం కొడుతుంది. విరగకముందే ఆగే గుణం యంత్రానికి నీ వల్లే వచ్చింది. ఫీడ్‌ఫార్వర్డ్ అనేది వచ్చి, రాబోయే వేగాన్ని ముందే మోటారుకు చెప్పి ఈ వెనకబాటును దాదాపు చెరిపేస్తోంది. మంచిదే. అయినా పూర్తిగా సున్నా చెయ్యడం దాని తరం కాదు.

ఇంత నమ్మకం ఎన్‌కోడర్ మీద ఎలా కుదిరింది? మోటారు వెనక, గుప్పెట్లో పట్టే డబ్బాలో తిరిగే పలక అది. దాని మీద గీతలు, గీతల మధ్య ఖాళీలు. వెలుగు గీత దగ్గర ఆగుతుంది, ఖాళీలోంచి దూరుతుంది. ఏ అని ఒక వరుస, బీ అని ఇంకో వరుస, రెండింటికీ మధ్య ఒక గీతా ఖాళీ జతలో పావు వంతు, అంటే 90 డిగ్రీల ఎడం. ఏ ముందొస్తే ఇటు తిరుగుతున్నట్టు, బీ ముందొస్తే అటు తిరుగుతున్నట్టు. దూరంతో పాటు దిక్కు కూడా తెలిసిపోయింది. చుట్టుకు 2,500 గీతలుంటే, రెండు వరుసల్లోనూ వెలుగు వచ్చే అంచూ పోయే అంచూ లెక్కేసి 10,000 చేస్తారు. ఇవాళ మామూలుగా దొరికే 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టును 1,31,072 ముక్కలు చేస్తుంది. చుట్టుకు 10 మిల్లీమీటర్లు నడిపే బాల్‌స్క్రూ తగిలిస్తే ఒక్కో ముక్క 0.000076 మిల్లీమీటరు. మన తల వెంట్రుక మందంలో అలాంటివి వందల కొద్దీ పడతాయి. అంత సన్నగా చూసే కన్ను కూడా బల్ల ఎక్కడుందో చూడ్డం లేదు సుమా. మోటారు షాఫ్టు ఎంత తిరిగిందో మాత్రమే చూస్తోంది. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

కరెంటు పోయినా చోటు మరవనివి ఆబ్సల్యూట్ ఎన్‌కోడర్లు. వాటిలో ప్రతి కోణానికీ ఒక సంఖ్య రాసి ఉంటుంది. ఆ రాతలోనూ చిక్కొకటి ఉండేది. మామూలు బైనరీలో 7 అంటే 0111, 8 అంటే 1000. ఏడు నుంచి ఎనిమిదికి దాటేటప్పుడు నాలుగు అంకెలూ ఒకేసారి మారాలి. పలక సరిగ్గా ఆ సరిహద్దు మీద నిలబడితే ఒకటి మారి ఇంకోటి మారకపోవచ్చు, అప్పుడు చదివేది ఏ సంఖ్యయినా కావచ్చు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే 1947లో పేటెంటుకు అర్జీ పెట్టిన పద్ధతిలో పక్కపక్క సంఖ్యల మధ్య ఒక్క అంకే మారుతుంది. సరిహద్దు మీద తడబడినా ఇటో అటో ఒక్క అడుగే. తడబాటు తప్పదని ముందే ఒప్పుకుని, దాని నష్టాన్ని ఒక్క అడుగుకు కట్టేసిన ఆ బుద్ధికి దండం.

తేడాను ఏం చెయ్యాలన్న ప్రశ్న పాతదే. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకు రెండు ఇనుప గుండ్ల గవర్నర్ పెట్టాడు. వేగం పెరిగితే గుండ్లు ఎడంగా లేచి ఆవిరిని తగ్గించేవి, వేగం పడితే దిగి ఆవిరిని వదిలేవి. ఆ దారిలో తయారైన గవర్నర్లలో కొన్ని దిద్దుకోబోయి ఊగిసలాటలో పడ్డాయి. ఎక్కువ, తక్కువ, మళ్లీ ఎక్కువ. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల గురించి వ్యాసం రాసి, ఏ దిద్దుబాటు కుదుటపడుతుందో, ఏది పట్టు తప్పుతుందో సమీకరణాల్లో చూపించాడు. ఆ ఊగిసలాటనే ఇవాళ షెడ్లో హంటింగ్ అంటాం. మోటారు హంట్ అవుతోంది అనగానే అందరి చెవులూ అటు తిరుగుతాయి.

1922లో నికొలాస్ మినోర్‌స్కీ ఓడను దానంతట అదే దిశ పట్టుకుని నడిపించే పద్ధతి మీద రాస్తూ, చెయ్యి తిరిగిన చుక్కానిదారు చేసే పనిని దగ్గరగా గమనించాడు. ఓడ పక్కకు ఎంత పోయిందో చూసి ఆ మేరకు చుక్కాని తిప్పుతాడు. ఎంత త్వరగా పోతోందో చూసి, గీత దాటకముందే ఎదురు పడతాడు. గాలి ఆగకుండా ఒకే వైపు నెడుతుంటే, పేరుకుంటున్న లోటును చూసి చుక్కానిని కొంచెం ఎదురు వైపే ఉంచి పట్టుకుంటాడు. న్యూ మెక్సికో అనే అమెరికన్ యుద్ధనౌక మీద ఆ పద్ధతిని పరీక్షించారు. ఒక నావికుడి చేతిలో ఉన్న నేర్పు మూడు పదాలుగా విడిపోయి, ఇవాళ ఎన్నో డ్రైవుల్లో, బాయిలర్ కంట్రోలర్లలో కాపురం ఉంటోంది. పీ, ఐ, డీ.

పీ, నువ్వు ఇప్పటి తేడాను చూస్తావు. తేడా పెద్దదైతే గట్టిగా లాగుతావు, చిన్నదైతే మెత్తగా లాగుతావు. నీ పట్టు తేడాతోనే పుడుతుంది కాబట్టి, బరువు వేలాడుతున్న చోట ఆఖరి పిసరంత తేడాను నువ్వు తీర్చలేవు. తీర్చేస్తే నీకు బలమే ఉండదు. ఐ, ఆ పిసరంతను తీర్చేది నువ్వు. గడిచిన తేడాలన్నీ కూడబెడతావు. ఎంత చిన్నదైనా సరే, ఎంతసేపు ఉంటే అంతగా నీలో పోగవుతుంది, చివరికి నీ నెట్టుడుకు బల్ల సరిగ్గా గీత మీదికి వస్తుంది. నీకూ ఒక బలహీనత ఉంది. మోటారు తన శక్తికి మించి లాగలేక నిస్సహాయంగా ఉన్న వేళ కూడా నువ్వు కూడబెడుతూనే పోతావు, అడ్డు తొలగగానే ఆ పోగంతా ఒక్కసారి విప్పి బల్లను గీత దాటించేస్తావు. విండప్ అంటారు దాన్ని. నిన్ను ఆపడానికి హద్దులు పెట్టి కాపలా కాయాలి. డీ, నువ్వు రాబోయేదాన్ని పసిగడతావు. తేడా ఎంతుందని చూడవు, ఎలా మారుతోందని చూస్తావు. గీత దగ్గరపడుతుండగానే బ్రేకు పడేది నీ వల్లే. కానీ కొలతలో ఏ చిన్న గరగర ఉన్నా నువ్వు దాన్ని భూకంపం చేస్తావు, అందుకే నిన్ను చిటికెడే వాడతారు. వర్తమానం, గతం, భవిష్యత్తు. ముగ్గురినీ వాడిన చోట, ముగ్గురూ కలిసి సంతకం పెడితేనే మోటారుకు ఆజ్ఞ వెళ్తుంది.

ట్యూనింగ్ చేతిపని. సాఫ్ట్‌వేర్ ఎంత పెరిగినా ఇంకా చేతిపనే అని నా నమ్మకం. గెయిన్ తక్కువున్నప్పుడు షాఫ్టును చేత్తో కొంచెం తిప్పితే మెత్తగా ఒంగుతుంది. పెంచుతుంటే గట్టిపడుతుంది, వేళ్లకు ఎదురు తిరుగుతుంది. ఇంకా పెంచితే సన్నని కూత మొదలవుతుంది. ముందు చెవికి అందదు, యంత్రం ఒంటి మీద అరచెయ్యి ఆనిస్తే చర్మానికి తెలుస్తుంది. ఆ తర్వాత చెవికి, ఆ తర్వాత ఫ్రేము మొత్తానికి. జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు 1942లో ఈ కూత వెనకున్న ఊగిసలాటనే కొలబద్ద చేశారు. ఊగిసలాట పెరగకుండా తరగకుండా నిలిచే గెయిన్ దాకా తీసుకెళ్లండి, ఆ అంకె రాసుకోండి, పీ ఒక్కటే వాడితే అందులో సగం పెట్టుకోండి, మూడూ వాడితే పీని 0.6 వంతు పెట్టుకోండి అన్నారు. యంత్రాన్ని తెలుసుకోవడానికి దాన్ని పట్టు తప్పే అంచు దాకా తీసుకెళ్లి వెనక్కి తేవాలన్న మాట. సర్వోల మీద ఇవాళ ఆ అంకెలు సాధారణంగా యథాతథంగా వాడరు, మరీ దూకుడుగా ఉంటాయి. ఆ ధైర్యానికి మాత్రం దండం పెట్టకుండా ఎలా ఉంటాం.

డ్వెల్, ఇక నీ వంతు. కదలికల శాస్త్రంలో ఆగడానికి ఒక పేరుండటం నాకు మొదటినుంచీ ఇష్టం. యంత్రానికి ఆజ్ఞలు రాసే జీ కోడ్‌లో జీ జీరో ఫోర్ అని రాస్తే టూల్ ఉన్నచోటే తిరుగుతూ ఆగుతుంది. గుంట అడుగున ఒకటి రెండు చుట్లు అలా తిరగనిస్తే అడుగు చదునుగా తేలుతుంది. తిరగనివ్వకుండా లాగేస్తే మర అంచు మిగిలిపోతుంది. తెల్లవారకముందే గుమ్మం ముందుకొచ్చే పాల ప్యాకెట్‌లో కూడా నువ్వున్నావు. ఫిల్మ్ గొట్టంగా మడిచి, నిలువునా అతికి, పాలు నింపి, వేడి దవడలు అడ్డంగా మూసుకుంటాయి. మూసుకున్న ఆ క్షణభాగమే డ్వెల్. తగ్గితే అతుకు నిలవదు, పాలు కారతాయి. పెరిగితే ఫిల్మ్ కాలి తెగుతుంది. వేడి, ఒత్తిడి, వ్యవధి అనే మూడింటిలో కంటికి కనిపించనిది వ్యవధి ఒక్కటే, అందుకే కొత్తవాళ్లు ఎప్పుడూ వేడినే పెంచి చూస్తారు.

జర్క్ కూడా కంటికి కనిపించదు. వేగం తెలుసు, వేగం మారే తీరు తెలుసు, ఆ తీరు కూడా మారే తీరుకు జర్క్ అని పేరు. సిరప్ నింపిన సీసాలను మూత బిగించే చోటికి జరిపే లైన్ దగ్గర నిలబడి చూడండి. మూత లేని సీసా. త్వరణాన్ని ఒక్కసారిగా ఎక్కించి ఒక్కసారిగా దించితే సిరప్ మూతి దాకా ఎగిరి మెడ మీద ఒలికి, మూత మీదికి పాకి, లేబుల్ అంటుకోకుండా చేస్తుంది. అదే దూరం, అదే సమయం, త్వరణాన్ని మాత్రం మెల్లగా ఎక్కించి మెల్లగా దించితే సిరప్ ఉపరితలం అటు కొద్దిగా ఇటు కొద్దిగా ఒరిగి ఊరుకుంటుంది. అప్పుడు వేగం పెరిగే గీత ఎస్ అక్షరం వంపులో ఉంటుంది కాబట్టి ఎస్ కర్వ్. బేరింగులకు, బెల్టులకు, గేర్ల పళ్లకు ఆయుష్షు పోసే వంపు అది.

ఇప్పుడు బ్యాక్‌లాష్ దగ్గరికి వద్దాం. తేడాల్లోకెల్లా మొండి తేడా ఇదే. కాస్త ఎక్కువసేపు నిలబడతాను ఇక్కడ. డయల్ గేజ్ అయస్కాంతపు స్టాండు మీద బిగించి, దాని మొన బల్ల అంచుకు ఆనించండి. హ్యాండ్‌వీల్ తిప్పి ఒక్కో క్లిక్కుకు 0.01 మిల్లీమీటరు చొప్పున కుడివైపు జరపండి. క్లిక్, ముల్లు కదిలింది. క్లిక్, కదిలింది. ఇప్పుడు వెనక్కి. క్లిక్. తెర మీద అంకె మారింది, ముల్లు మారలేదు. ఇంకో క్లిక్, మారలేదు. మూడో క్లిక్కుకు ముల్లు ఉలిక్కిపడి కదిలింది. ఆ రెండు క్లిక్కులు ఎక్కడికి పోయాయి? మోటారు తిరిగింది, ఎన్‌కోడర్ చూసింది, స్క్రూ తిరిగింది. స్క్రూకూ నట్టుకూ మధ్య అరిగిన ఖాళీని దాటడంలో ఆ తిరుగుడంతా ఖర్చయిపోయింది. ఎన్‌కోడర్ షాఫ్టును చూస్తుందే గాని బల్లను చూడదని ఇందాక అన్నది ఇందుకే. యంత్రం అబద్ధం చెప్పడం లేదు. తనకు తెలిసింది చెబుతోంది, తెలిసింది చాలలేదు.

దిక్కు మార్చుకున్నప్పుడే బయటపడే తేడా ఇది. ఒకే వైపు పోతున్నంతసేపూ ఆ ఖాళీ సాధారణంగా బయటపడదు. గుండ్రని గాడి మిల్లింగ్ చేయించి ముక్కను వెలుగుకు ఎత్తి చూస్తే, ఆక్సిస్‌లు దిక్కు మార్చుకున్న నాలుగు చోట్లా సన్నని గీతలు కనిపిస్తాయి. గోటితో గీస్తే తగులుతాయి. వాటిలో కొంత బ్యాక్‌లాష్ పని, కొంత స్టిక్షన్ పని. స్టిక్షన్ అంటే నిలబడ్డ వస్తువు బయలుదేరడానికి చూపే మొరాయింపు. కొన్ని హైడ్రాలిక్ వాల్వుల్లో ఆ మొరాయింపు పోగొట్టడానికి లోపల జరిగే స్పూల్‌ను ఎప్పుడూ సన్నగా వణికిస్తూ ఉంచుతారు, దానికి డిథర్ అని పేరు. బ్యాక్‌లాష్‌కైతే నట్టును రెండు ముక్కలు చేసి ఒకదాన్నొకటి నెట్టేలా ప్రీలోడ్ ఇస్తారు, లేదా పారామీటర్‌లో కొలత రాసి దిక్కు మారిన ప్రతిసారీ అంతమేర అదనంగా తిప్పమంటారు. బాగా ఖర్చు పెట్టగలిగినవాళ్లు బల్లకే గాజు స్కేలు బిగిస్తారు, అప్పుడు యంత్రం నిజంగా బల్లనే చూస్తుంది. పారామీటర్‌తో సరిపెట్టడం నాకు నచ్చదు. అరుగుదల స్క్రూ పొడవునా ఒకేలా ఉండదు, ఒకే అంకెతో అంతటికీ మందు వేయడం సరికాదు. అయినా నెలాఖరు ఆర్డరు నిలబడిందంటే చాలాసార్లు ఆ అంకె వల్లే, దానికీ దండం.

ఇంటర్‌పోలేషన్ గురించి కొంచెమే చెప్తాను, అది చెప్పేకంటే చూస్తే బాగుండే సంగతి. అమెరికాలో జాన్ పార్సన్స్‌కు హెలికాప్టర్ రెక్కల వంపు కావలసి వచ్చింది. ఆ వంపు మీద పడే బిందువులను లెక్కగట్టి ఒక్కో బిందువుకు టూల్‌ను తీసుకెళ్తే పని జరుగుతుందని తోచింది. ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ల్యాబ్ ఆ ఆలోచనను అందుకుని, 1952లో రంధ్రాల కాగితపు టేపు చదివి మూడు ఆక్సిస్‌లను ఒకేసారి నడిపే మిల్లింగ్ యంత్రాన్ని చూపించింది. ఎక్స్ తిన్నగానే పోగలదు. వై తిన్నగానే పోగలదు. ఇద్దరికీ వంపు తెలియదు. క్షణక్షణం ఎవరు ఎంత పోవాలో పంచి ఇస్తే ఇద్దరి మధ్య వృత్తం పుడుతుంది.

ఆ తర్వాతి ఏళ్లలో కార్ల ఫ్యాక్టరీల్లో రిలే ప్యానెళ్లు గోడలంత పెరిగాయి. కారు మోడల్ మారిన ప్రతిసారీ వైర్లన్నీ పీకి మళ్లీ వేయాలి. 1968లో జనరల్ మోటార్స్‌లోని హైడ్రామాటిక్ విభాగం రిలేలకు బదులు ఎలక్ట్రానిక్ పెట్టె కావాలంది. డిక్ మోర్లీ, అతని సహచరులు చేసిన మోడికాన్ 084 ఆ వరసలో వచ్చిందే. వాళ్ల సంస్థ చేపట్టిన 84వ పని కాబట్టి ఆ అంకె. నాకు వీళ్ల మీద గౌరవం కలిగించేది పెట్టె కన్నా ల్యాడర్. లోపల కంప్యూటరే ఉన్నా, బయటికి మాత్రం ఎలక్ట్రీషియన్‌కు అప్పటికే వచ్చిన రిలే బొమ్మనే చూపించారు. రెండు నిలువు పట్టాలు, మధ్య అడ్డంగా మెట్లు. కొత్త యంత్రం కోసం పాత మనిషిని బయటికి పంపకుండా, పాత మనిషి చదవగలిగే రాతలో కొత్త యంత్రాన్ని రాశారు.

ఆ నిచ్చెనలో ఒక్క మెట్టు చాలు. స్టాప్ బటన్, దాని పక్కన స్టార్ట్ బటన్, చివర మోటారు కాయిల్. స్టార్ట్‌కు సమాంతరంగా మోటారుదే ఒక కాంటాక్టు. స్టార్ట్ నొక్కితే కాయిల్ పట్టుకుంటుంది, పట్టుకోగానే తన కాంటాక్టును తానే మూసుకుంటుంది, ఇక వేలు తీసేసినా తనను తాను నిలబెట్టుకుంటుంది. హోల్డింగ్ అంటాం. స్టాప్ నొక్కితే వదిలేస్తుంది. కరెంటు పోయినా వదిలేస్తుంది, కరెంటు తిరిగొచ్చినా దానంతట అది పట్టుకోదు, మళ్లీ ఒక మనిషి వచ్చి నొక్కాల్సిందే. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడేలు, చెప్పాపెట్టకుండా కోతలు నడిచిన రోజుల్లో ఈ మెట్టు ఎన్ని చేతులను కాపాడి ఉంటుందో. కరెంటు లేదు కదా అని బెల్టు సర్దుతున్నవాడి వేళ్ల మధ్యకు కరెంటు తిరిగొస్తుంది. మోటారు ఊరుకుంటుంది. ఊరుకోమని ఆ ఒక్క కాంటాక్టు చెప్పింది.

ఇక్కడినుంచి మాటలు బరువెక్కుతాయి. ఎమర్జెన్సీ స్టాప్, పసుపు పళ్లెం మీద ఎర్రటి పుట్టగొడుగు తల. నీ కాంటాక్టు మామూలుగా మూసి ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. తిరగేసి పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. అలా పెడితే, ఎలుక వైరు కొరికిన రోజున నువ్వు పనిచేయవు, పనిచేయవని ఎవరికీ తెలియదు కూడా. మూసి ఉండేలా పెడితే వైరు తెగడమూ నొక్కడమూ ఒకటే, యంత్రం ఆగుతుంది. ఒత్తిడి, ఉష్ణోగ్రత కొలిచే తీగల్లో సున్నాను 4 మిల్లీయాంపులుగా పెట్టి 20 దాకా లెక్కించడం కూడా ఇందుకే. కొలిచేది ఏమీ లేకపోయినా 4 వస్తూనే ఉండాలి. అది కూడా రాలేదంటే తీగ తెగినట్టు. నిలువు ఆక్సిస్ మీద ఉండే బ్రేకు కరెంటుతో విడుదలవుతుంది, స్ప్రింగుతో పట్టుకుంటుంది. అంతా చచ్చిపోయిన క్షణంలో పట్టుకునేది అదొక్కటే, బరువు కింద ఉన్న మనిషికి కావలసిందీ ఆ క్షణంలోనే.

రోబోకు పని నేర్పే పెండెంట్ వెనక మూడు స్థితుల స్విచ్ ఒకటి ఉంటుంది. ఈ స్తుతిలో నా మనసంతా దాని దగ్గరుంది. వదిలేస్తే రోబో ఆగుతుంది. మధ్యస్తంగా పట్టుకుంటే కదులుతుంది. గట్టిగా బిగిస్తే మళ్లీ ఆగుతుంది. భయపడ్డ మనిషి చేతిలోని వస్తువును జారవిడుస్తాడు, లేదా పిడికిలి బిగిస్తాడు. ఏది చేస్తాడో ముందు చెప్పలేం. రెండింటికీ ఆగేలా చేశారు. మనిషి వణికే తీరును ఇంత దగ్గరగా చూసి ఒక స్ప్రింగులో పెట్టినవాళ్లకు సాష్టాంగ దండం.

పవర్ ప్రెస్ మీద రెండు చేతుల బటన్లూ ఆ కోవలోవే. రెండూ అర సెకను లోపు నొక్కితేనే దెబ్బ పడుతుంది, అంటే దెబ్బ పడే వేళకు రెండు అరచేతులూ బటన్ల మీదే ఉన్నాయని లెక్క. ఆ అర సెకను నిబంధన ఊరికే రాలేదు. ఒక బటన్‌ను శాశ్వతంగా నొక్కి ఉంచే బుద్ధి మనుషులకు ఉంటుందని తెలిసి పెట్టిందది. ఒక ప్రెస్ షాపులో పాత ప్యానెల్‌కు ఆ నిబంధన లేదు, ఎడమ బటన్‌కు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. షిఫ్టుకు ఇన్ని ముక్కలు అని లెక్క పెట్టినవాళ్లే ఆ టేపు చుట్టించారు. కదిలే భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. కంచె తలుపు స్విచ్‌కు జంపర్ వేసి యంత్రం నడిపించడం తెలివి కాదు, నేరం. ఇంటర్‌లాక్ అనే మాటను నోటితో గౌరవించి చేత్తో తీసేసేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. మెయింటెనెన్స్‌కు లోపలికి దిగేవాడు మెయిన్‌కు తన తాళం వేసుకుని, చెవి తన జేబులో పెట్టుకుని దిగాలి. సూపర్‌వైజర్ జేబులో కాదు. నలుగురు దిగితే నాలుగు తాళాలు.

దసరాకు ప్యానెల్ తలుపు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. గుమ్మడికాయ కొడతాం. మంచిదే, ఏడాదికొక రోజు యంత్రం ఆగి మన ముందు నిలబడుతుంది. ఆ రోజే ప్రతి ఎమర్జెన్సీ బటన్‌నూ ఒకసారి నొక్కి చూడడం కూడా పూజలో భాగం చేయాలని నా కోరిక. పూలు వేసే చేతులే నొక్కాలి.

ఇంకో కోరిక కూడా ఉంది. తెర మీద వచ్చే అలారాలు ఇప్పటికీ చాలావరకు ఇంగ్లిష్‌లోనే వస్తున్నాయి. ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడు అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపు డ్రైవ్ వేడెక్కుతుంది. ఇప్పటి టచ్ ప్యానెళ్లలో చాలావాటికి తెలుగు లిపి చూపించడం కష్టం కాదు. మాటలు మార్చక్కర్లేదు, ఫాలోయింగ్ ఎర్రర్ అనే పేరు అలాగే ఉండనీ, మన అక్షరాల్లో ఉండనీ, దాని కింద ఏం చూడాలో ఒక్క వాక్యం ఉండనీ. ‘గైడ్‌వేలో చిప్స్ చూడు’ అని. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో ఆ పని ఆపరేటర్లు ఎప్పుడో మొదలుపెట్టేశారు. యంత్రం అమ్మేవాళ్లే వెనకబడ్డారు.

జాగ్, చివరికి నిన్ను ఉంచుకున్నాను. నొక్కి ఉంచినంతసేపే కదలిక, వేలు తీస్తే ఆగుడు. కొత్తవాడి చేతికి యంత్రాన్ని మొదట ఇచ్చేది నీ రూపంలోనే. పక్కన సీనియర్ నిలబడతాడు. అతని కుడి అరచెయ్యి ఎర్ర బటన్ మీద ఆనీ ఆననట్టు ఉంటుంది, కళ్లు కుర్రాడి వేలి మీద ఉంటాయి. ప్లస్ నొక్కితే బల్ల మనవైపు వస్తుందా, అటు పోతుందా అన్నది ఈ యంత్రంలో ఒకలా, పక్క యంత్రంలో ఇంకోలా ఉంటుంది కాబట్టి బోర్డు మీది బాణాలను నమ్మకుండా ప్రతిసారీ చూసుకోవాలి. “వేగం ఓవర్‌రైడ్ ఐదు శాతం మీద పెట్టరా. ఎక్స్ ప్లస్ ఒక్కసారి తట్టు, ఎటు పోయిందో నాకు చెప్పు. తర్వాత వై. జెడ్ మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోకు.”